బైపాస్ నుంచి బరంపురం ఊళ్ళోకి దిగే ర్యాంపు: వెడల్పు చెయ్యాలా, కింద రోడ్లు సరిచెయ్యాలా?

కోర్టుపేట_సివిల్ · సోమవారం, రాత్రి 8:40

హైవే మీద నుంచి ఊళ్ళోకి దిగే ర్యాంపుల గురించి ఇక్కడ ముక్కలు ముక్కలుగా చాలాసార్లు మాట్లాడుకున్నాం. అన్నీ ఒకచోట పెడదామని ఈ చర్చ మొదలెడుతున్నాను. 2010లో ఎన్‌హెచ్ 5 కాస్తా ఎన్‌హెచ్ 16 అయింది. ఇచ్ఛాపురం దాటి ఒడిశా గంజాం జిల్లాలోకి వచ్చాక ర్యాంపులు దిగే చాలా చోట్ల తంతు మాత్రం అదే. పైన ఎనభైలో వచ్చిన బండి, ఆటోలూ కూరల బండ్లూ బస్సు కోసం నిలబడ్డ జనమూ ఉన్న చోటికి నేరుగా దిగుతుంది. గొడవైనప్పుడల్లా వినిపించే మాట కూడా ఒకటే: "ర్యాంపు వెడల్పు చెయ్యండి." వెడల్పు చేస్తే ఈ గొడవ పెరుగుతుందనే నేనంటాను. సరిచెయ్యాల్సింది ర్యాంపు కాలు దగ్గర నుంచి ఊళ్ళోకి ఓ రెండు వందల మీటర్లు.

ఫలానా జంక్షన్ అని పేరు పెడితే మాట రాజకీయంలోకి పోతుంది. అందుకని అందరం ఒకే నమూనా మీద లెక్క వేద్దాం. ర్యాంపు పొడవు 220 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు, కిందికి 5 శాతం వాలు, దిగడానికి మాత్రమే. కింద నాలుగు రోడ్ల జంక్షన్. ఎదురుగా ఊరి మెయిన్ రోడ్డు, డివైడరుకి అటు 7, ఇటు 7. దిగేవాళ్ళకి ఎడమ చేతి వైపు 5.5 మీటర్ల బజారు వీధి, కుడి చేతి వైపు 5.5 మీటర్ల సర్వీసు రోడ్డు. బస్సులు ర్యాంపు కాలు దగ్గరే ఆగుతాయి, ఆటోలు అక్కడే కాచుకుంటాయి.

డ్రాయింగ్‌బోర్డు · సోమవారం, రాత్రి 9:25

నమూనా బాగుంది సార్. ముందు స్పీడు ఎక్కడ తగ్గుతుందో చూద్దాం.

80 కిలోమీటర్ల నుంచి 30కి రావాలి. ప్రయాణికులు ముందుకి తూలకుండా వేసే బ్రేకు సెకను సెకనుకీ 2 మీటర్లు అనుకుంటే, చదును రోడ్డు మీద 106 మీటర్లు పడుతుంది. 5 శాతం దిగుడు అందులో దాదాపు అర మీటరు తినేస్తుంది. మిగిలేది 1.5. అప్పుడు కావాల్సింది 141 మీటర్లు. అంటే 220 మీటర్ల ర్యాంపులో బండ్లు వరసగా ఆగడానికి మిగిలేది 79 మీటర్లే. ఆ వరస 79 దాటిందంటే వెనకొచ్చేవాడు స్పీడు తగ్గకముందే ముందున్న బండిని చేరుకుంటాడు. వెనక నుంచి గుద్దుకునే ప్రమాదాలు అక్కడే పుడతాయి.

ర్యాంపుని 10.5 మీటర్లు చేస్తే ఏమవుతుంది? పైన మూడు లైన్లు, ఎదుటి రోడ్డులో రెండు. మూడోవాడు జంక్షన్ మధ్యలో దూరాలి. పైగా వెడల్పైన ఖాళీ రోడ్డు కనబడితే రాత్రిపూట ఎవరూ యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యరు.

చివరి 60 మీటర్లలో లైన్లు 3 మీటర్లకి కుదించి గీతలు వెయ్యాలి. మిగిలిన మీటరు కుడి అంచున చారల పట్టీగా వదలాలి. ర్యాంపు కాలు దగ్గర స్పీడు బ్రేకరు మాత్రం వద్దు. దిగుడులో బ్రేకు వేస్తే లారీ బరువు ముందు ఇరుసు మీదికి జరుగుతుంది, అక్కడ బ్రేకరు పెడితే వెనక చక్రాలు జారే ప్రమాదం ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ప్రమాణం 99 చెప్పే గుండ్రటి బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 25 కిలోమీటర్ల స్పీడుకి సరిపడేది. మన వీధుల్లో పోసేది మూరెడు వెడల్పు గట్టు. రెండింటికీ పేరు ఒకటే గానీ పని ఒకటి కాదు.

లారీ_రూటు · సోమవారం, రాత్రి 10:05

ఎడమ మూల గురించి చెప్పండి. గోపాలపూర్ పోర్టు వైపు పోయే ట్రైలర్లు కూడా దిగుతాయి. మూల బిగిస్తే వెనక చక్రాలు ఫుట్‌పాత్ ఎక్కేస్తాయి.

డ్రాయింగ్‌బోర్డు · సోమవారం, రాత్రి 10:40

మూల వ్యాసార్థమే తిరిగే స్పీడుని నిర్ణయిస్తుంది. 127ని వ్యాసార్థంతో, దాన్ని 0.35తో హెచ్చవేసి వర్గమూలం తీస్తే కిలోమీటర్లలో స్పీడు వస్తుంది. 6 మీటర్ల మూలలో కారు 16 దాటి తిరగలేదు. 20 మీటర్లయితే 30కి దగ్గర, 30 మీటర్లయితే 36. "లారీల కోసం" అని 30 మీటర్ల మూల ఇచ్చేస్తే, రోజంతా కార్లూ బైకులూ అదే మూలలో 36తో కోసుకుంటూ పోతాయి. దాటే మనిషి ఉండేది సరిగ్గా ఆ మూలలోనే.

దీనికి మందు రెండంచుల మూల. లోపలి అంచు 6 నుంచి 8 మీటర్ల వ్యాసార్థంతో 75 మిల్లీమీటర్ల ఎత్తున, వాలు ముఖంతో కట్టాలి. దాని వెనక గరుకు కాంక్రీటు పరుపు, ఆ తరవాత అసలు ఫుట్‌పాత్ రాయి 150 మిల్లీమీటర్లు. ట్రైలరు వెనక చక్రాలు పరుపు మీదుగా పోతాయి, కారు ఎక్కదు. పరుపు కింద కాంక్రీటు రోడ్డుకెంత మందమో అంతే ఉండాలి. టైల్సు పరిస్తే ఒక్క వానాకాలానికే గుంట పడుతుంది. దాని రంగు రోడ్డుకీ ఫుట్‌పాత్‌కీ భిన్నంగా ఉండాలి, లేకపోతే జనం దాన్నే ఫుట్‌పాత్ అనుకుని నిలబడతారు.

సిగ్నల్_టైమింగ్ · మంగళవారం, ఉదయం 7:15

ఇప్పుడు ఆ 79 మీటర్లు సరిపోతాయా? రద్దీ గంటలో ర్యాంపు మీద 900 పీసీయూ (అన్ని రకాల బండ్లనీ కార్ల లెక్కకి మార్చిన కొలత), ఎదుటి మెయిన్ రోడ్డు నుంచి 1000, బజారు వీధి నుంచి 450, సర్వీసు రోడ్డు నుంచి 400 వస్తున్నాయనుకుందాం. ఇవి లెక్కకి తీసుకున్న అంకెలు, మీ దగ్గర కొలిచినవి ఉంటే అవి పెట్టుకోండి. ఐఆర్‌సీ 93 ప్రకారం రోడ్డు వెడల్పుని 525తో హెచ్చవేస్తే గంటకి వదలగలిగే పీసీయూ. 7 మీటర్లకి 3675, 5.5కి 2887. వచ్చేదాన్ని వదలగలిగేదానితో భాగిస్తే నిష్పత్తులు వరసగా 0.245, 0.272, 0.156, 0.139. మొత్తం 0.812.

ఒక్కో రోడ్డుకి విడిగా పచ్చ లైటు, అంటే నాలుగు దఫాలు, దఫాకి 4 సెకన్లు వృథా అంటే 16. సిగ్నల్ ఒక చుట్టు ఎంతసేపు ఉండాలో చెప్పే వెబ్‌స్టర్ సూత్రంలో వేస్తే 154 సెకన్లు. అంతసేపు ఎర్ర లైటు దగ్గర ఎవరూ ఆగరు. అందులో ర్యాంపుకి పచ్చ లైటు 42 సెకన్లు, ఎరుపు 112. ఎరుపులో పోగయ్యేది 28 పీసీయూ, లైనుకి 14, తలా 6 మీటర్లు అంటే 84 మీటర్లు. సగటు రోజే 79 దాటేసింది.

ఇప్పుడు ఒకే ఒక్క మార్పు. బజారు వీధి నుంచి వచ్చేవాళ్ళు ఎడమకే తిరగాలి. ఎదుటి సర్వీసు రోడ్డులోకి పోవాలంటే మెయిన్ రోడ్డు మీద ముందుకెళ్ళి యూ టర్న్. దఫాలు మూడయ్యాయి, వృథా 12, మొత్తం 0.656. చుట్టు 67 సెకన్లు. ర్యాంపు మీద ఎరుపు 46 సెకన్లకి దిగింది, వరస 35 మీటర్లకి. రోడ్డు ఒక్క అడుగు కూడా వెడల్పు కాలేదు.

కోర్టుపేట_సివిల్ · మంగళవారం, ఉదయం 8:02

యూ టర్న్ కొట్టి తిరిగొచ్చేవాళ్ళు ఎక్కడికి పోయారు? వాళ్ళు మళ్ళీ మెయిన్ రోడ్డు లెక్కలోనే కలుస్తారు కదా.

సిగ్నల్_టైమింగ్ · మంగళవారం, ఉదయం 8:30

కలుస్తారు. 450లో సగం, 225 తిరిగొచ్చారనుకోండి. మెయిన్ రోడ్డు 1225, దాని నిష్పత్తి 0.333. మొత్తం 0.717, చుట్టు 81 సెకన్లు. ర్యాంపు వరస 43 మీటర్లు. పండగ రద్దీకి ఒకటిన్నర రెట్లు వేసినా 65. బ్రేకుకి కావాల్సిన 141 కలిపితే 206, ర్యాంపు 220. సరిపోయింది.

పీసీయూ దగ్గర అందరూ చేసే పొరపాటు ఒకటుంది. బైకుని 0.5గా వేసేస్తారు. ఐఆర్‌సీ 106లో అది బైకులు 5 శాతం ఉన్నప్పటి అంకె. 10 శాతమూ ఆపైన ఉంటే 0.75. ఆటో కూడా అంతే, 1.2 కాదు, 2.0. మన ఊళ్ళలో రెండూ ఎక్కువే గనక రెండింటికీ పెద్ద అంకెలే వెయ్యాలి. ఇక్కడ తప్పితే కాయితం మీద జంక్షన్ ఖాళీగా కనిపిస్తుంది.

ఇచ్ఛాపురం_పాసింజర్ · మంగళవారం, ఉదయం 9:10

ఏటంటే బావూ, యూ టర్న్ దూరం మీదే అంతా ఉంది. మరీ దూరంగా పెడితే బైకులోడు డివైడరు పక్కనుంచి రాంగు సైడులో వచ్చేస్తాడు. మూడొందల మీటర్లు దాటితే ఎవుడూ అంత దూరం పోడు. అంతకన్నా రౌండు సర్కిలు కట్టేస్తే పోద్ది కదా, సిగ్నలు కరెంటు బాధా ఉండదు?

డ్రాయింగ్‌బోర్డు · మంగళవారం, ఉదయం 10:20

యూ టర్న్ దూరం మీద మీ మాటే నా మాట. 200 నుంచి 250 మీటర్ల మధ్య పెట్టాలి. కానీ 7 మీటర్ల రోడ్డు, 1.2 మీటర్ల డివైడరు కలిపితే 8.2. ఆటో, బైకు, చిన్న కారు తిరుగుతాయి. బస్సు తిరగడానికి దాదాపు 24 మీటర్లు కావాలి. అందుకని యూ టర్న్ ఎదుట ఎడమ అంచున రోడ్డుని చంద్రవంకలా బయటికి తియ్యాలి. ఆ వంకలో పానీపూరీ బండి, రెండు కార్లు పార్కింగు వెలిస్తే యూ టర్న్ చచ్చినట్టే. బండికి పక్కనే వేరే స్థలం గీసి ఇవ్వకుండా "ఇక్కడ పెట్టకు" అని బోర్డు రాస్తే అది నిలవదు.

సర్కిల్ సంగతి. మనం ఎడమ పక్కన నడుపుతాం గనక సర్కిల్లో బండ్లు గడియారం ముల్లు తిరిగే దిక్కునే తిరుగుతాయి. లోపలికి వచ్చేవాడు తన కుడి నుంచి వచ్చేవాడికి దారివ్వాలి. మన నమూనాలో బజారు వీధి వాడికి కుడి పక్కన ఉన్నది ర్యాంపు. నేరుగా పోయేవాళ్ళూ కుడికి పోయేవాళ్ళూ అందరూ అతని ముందు నుంచే పోతారు. నాలుగు వైపులా సమానంగా వచ్చే చోట సర్కిల్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఒక వైపు నుంచే గుంపుగా దిగే చోట ఎడమ పక్క వీధి ఎండిపోతుంది, విసిగి ముక్కు దూరుస్తారు, మొత్తం బిగుసుకుంటుంది. పైగా కనీసం 30 మీటర్ల వ్యాసం ఖాళీ స్థలం కావాలి. మార్కెట్ల దగ్గర ఎక్కడుంది?

నడక_మనిషి · మంగళవారం, మధ్యాహ్నం 1:35

ఇంతవరకూ బండ్ల గురించే మాట్లాడారు. బస్సు దిగిన మనిషి ఎలా దాటుతాడో చూద్దాం. మెయిన్ రోడ్డు 14, డివైడరు 1.2, మొత్తం 15.2 మీటర్లు. సెకనుకి 1.2 మీటర్లు నడిచే మనిషికి 13 సెకన్లు. సంచులతో వచ్చే ముసలావిడ 0.9 నడిస్తే 17. పై లెక్కల్లో ర్యాంపు పచ్చ లైటు 20, 24 సెకన్లకి దిగుతుంది, అదే పద్ధతిలో మనుషులకి ఇచ్చే సమయాన్ని 17 కంటే తగ్గించకండి. తగ్గించక తప్పకపోతే డివైడరుని ఆ చోట 2 మీటర్లకి పెంచి, మధ్యలో ఆగి రెండు విడతల్లో దాటేలా చెయ్యాలి. 1.2 మీటర్లలో చక్రాల కుర్చీ అడ్డంగా పట్టదు.

రోడ్డు ఎత్తు చేసిన జీబ్రా పెట్టాలి. 10 సెంటీమీటర్ల ఎత్తు, పైన 4 మీటర్ల చదును, రెండు పక్కలా 2 మీటర్ల వాలు. ఇది ర్యాంపు వాలు మీద కాదు, జంక్షన్ దాటాక మెయిన్ రోడ్డు మీద, చదునులో.

ఫుట్‌పాత్ రాయి ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదని ఐఆర్‌సీ 103లో ఉంది. కింద డ్రైను ఉందని ఒకటిన్నర అడుగు లేపి కట్టేస్తారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు దాన్ని ఎక్కలేరు, రోడ్డు మీదే నడుస్తారు. దిగుడు వాలు 1:12 ఉండాలి, అంటే 150 మిల్లీమీటర్లకి 1.8 మీటర్ల పొడవు. షాపుల ముందు నడవడానికి ఖాళీగా కనీసం 2.5 మీటర్లు. ట్రాన్స్‌ఫార్మరు, చెట్టు, బోర్డు స్తంభం ఆ 2.5లో లెక్క కాదు.

అడ్డు స్తంభాల మధ్య ఎడం 1.2 మీటర్లు. ఆటో వెడల్పు దాదాపు 1.3, పట్టదు. చక్రాల కుర్చీ హాయిగా పోతుంది. బైకు కూడా దూరుతుంది, అది ఆపలేం. బైకుని ఆపడానికి ఎడం 75 సెంటీమీటర్లకి తగ్గిస్తే కుర్చీ ఇరుక్కుంటుంది. కుర్చీ వైపే నిలబడాలని నా గట్టి అభిప్రాయం.

పర్లా_డ్రైనేజీ · మంగళవారం, సాయంత్రం 6:50

ర్యాంపు కాలు అంటే నీళ్ళు చేరే చోటు కూడా. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అలాంటి వాన వదిలేసి మామూలు లెక్కే చూడండి. గంటకి 50 మిల్లీమీటర్ల వాన, ర్యాంపూ జంక్షనూ చుట్టుపక్కల కప్పులూ కలిపి ఒక హెక్టారు. 0.9 ప్రవాహ గుణకంతో సెకనుకి 125 లీటర్లు. ఇది మామూలు వీధి కాలవ మింగలేదు.

నీళ్ళు జంక్షన్‌లోకి రాకముందే పట్టుకోవాలి. ర్యాంపు చివర, స్టాప్ గీతకి పైన, రోడ్డు అడ్డంగా 300 మిల్లీమీటర్ల వెడల్పు జల్లెడ కాలవ వెయ్యాలి. జల్లెడ పట్టీలు బండి పోయే దిక్కుకి అడ్డంగా ఉండాలి. పొడుగునా పెడితే సైకిల్ చక్రం దిగబడుతుంది. చట్రానికి పట్టీలు వెల్డింగ్ చేసి వదిలేస్తే లారీల అదురుకి ఊడతాయి, బోల్టుతో బిగించి రబ్బరు పరుపు వెయ్యాలి. జల్లెడ పక్కనే ఒండ్రు గుంట ఉండాలి, లోతు కాలవ అడుగుకి ఇంకో 300 మిల్లీమీటర్లు కిందికి. కవర్లూ ఇసకా అందులో ఆగితే తియ్యడం సులువు.

ఇక డ్రైను మూతలు. 1.2 మీటర్లకి 1 మీటరు, 150 మిల్లీమీటర్ల మందం మూత 450 కిలోలు. దాన్ని మనుషులు ఎత్తలేరు. పూడిక తియ్యాల్సి వస్తే గునపంతో పగలగొడతారు, ఆ తరవాత అక్కడ గొయ్యి మిగులుతుంది. అదే 90 సెంటీమీటర్లకి 60, 100 మిల్లీమీటర్ల మందం అయితే 135 కిలోలు. నలుగురు కొక్కేలతో లేపుతారు. కొక్కెం కన్నాలు పోతపోసేటప్పుడే పెట్టించాలి. ఈ చిన్న మూత మీదికి బండ్లు ఎక్కకూడదు, అందుకే పైన చెప్పిన అడ్డు స్తంభాలు తప్పనిసరి. షాపులోకి కారు ఎక్కే చోట్ల మాత్రం బరువు మూతే వెయ్యాలి.

రాయగడ_రోడ్లు · మంగళవారం, రాత్రి 8:15

స్టాప్ గీత ముందు 30 మీటర్ల తారు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎండాకాలంలో లోడు లారీ అక్కడ బ్రేకు వేసి నిలబడుతుంది. తారు ముందుకి తోసుకుపోయి అలల్లా లేస్తుంది, చక్రాల దారిలో పల్లం పడుతుంది, వానకి అందులో నీళ్ళు. ప్రతి ఏడూ పైన ఇంకో పొర పోస్తారు. అంతకుముందే ఉన్న జల్లెడ కాలవ పల్లంలో పడిపోతుంది. ఆ 30 మీటర్లు ఎం40 కాంక్రీటు వేసేస్తే గొడవ తీరుతుంది. తారే వెయ్యాలంటే ఎండకి త్వరగా మెత్తబడని వీజీ 40 రకం వాడండి.

ఇచ్ఛాపురం_పాసింజర్ · మంగళవారం, రాత్రి 9:00

మరి బస్సు ఎక్కడాగాలి? శ్రీకాకుళం వైపు నుంచి ఎంకేసీజీ ఆసుపత్రికి వచ్చే పేషెంట్లు ర్యాంపు కాడే దిగిపోతారు. ఆళ్ళని ఇంకో అర కిలోమీటరు నడిపిస్తే అన్యాయమవుతాది. అంబులెన్సు కూడా ఆ వరసలోనే ఇరుక్కుంటాది.

డ్రాయింగ్‌బోర్డు · మంగళవారం, రాత్రి 9:45

అర కిలోమీటరు అక్కర్లేదండీ. జంక్షన్ దాటాక 60 మీటర్లకి, జీబ్రా అవతల బస్సు బే. జంక్షన్‌కి ముందు పెడితే ఆగిన బస్సు వరస ర్యాంపు మీదికి పాకుతుంది, బస్సు ముందు నుంచి దాటే మనిషి వెనకొచ్చే బండికి కనబడడు. బే 15 మీటర్లు నిలవడానికి, చెరో పక్క 15 మీటర్లు వాలుగా. ఆటో స్టాండు దానికి 30 మీటర్లలోపే ఉండాలి. అంతకన్నా దూరమైతే ఆటోలు బస్సు దగ్గరికే వచ్చేస్తాయి, కానిస్టేబులు ఎంత అరిచినా లాభం లేదు. ఆటోకి 3.5 మీటర్ల పొడవు చొప్పున 12 ఆటోలకి ఒకే వరసలో 42 మీటర్లు. ముందొచ్చింది ముందు పోయేలా ఒకటే లోపలి దారి, ఒకటే బయటి దారి.

అంబులెన్సుకి: కుదించిన లైన్ల వల్ల మిగిలిన మీటరు చారల పట్టీ, దాని పక్కన 1.5 మీటర్ల గట్టి భుజం (రోడ్డు అంచు పట్టీ) ఉంటే మొత్తం 2.5. బండి వెడల్పు సుమారు 2 మీటర్లు. పోగలదు. అందుకే ఆ పట్టీ మీద ప్లాస్టిక్ కర్రలు పాతకండి. బైకులు దూరుతాయి నిజమే, సైరన్ వింటే ముందుకి కదిలిపోగలిగేవి కూడా అవే.

రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్రకి వీధులు జనంతో నిండిపోతాయి. బజారు వీధి మూతి దగ్గర స్తంభాలు తీసేసేవిగా, నేలలో మూత ఉన్న గొట్టాల్లో దించేవిగా పెట్టించుకోండి. ఊరేగింపుకి విరగ్గొట్టాల్సిన పని ఉండదు.

కోర్టుపేట_సివిల్ · బుధవారం, ఉదయం 7:30

ఇక ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ర్యాంపు, సర్వీసు రోడ్డు జాతీయ రహదారి హద్దులో ఉంటే జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్ఏఐ. ఊరి రోడ్డు అయితే మునిసిపల్ కార్పొరేషనో, రాష్ట్ర రోడ్ల శాఖో. కరెంటు స్తంభాలు జరపాలంటే కరెంటు పంపిణీ సంస్థ టీపీఎస్ఓడీఎల్ అంచనా వెయ్యాలి, డబ్బు ముందు కట్టాలి. అందరూ కూర్చునే చోటు కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ. అర్జీ అక్కడికే ఇవ్వాలి.

అర్జీలో ప్రాణం ఉండాలంటే బ్లాక్ స్పాట్ (తరచూ ప్రమాదాలు జరిగే చోటు) లెక్క చూపాలి. 500 మీటర్ల ముక్కలో మూడేళ్ళలో చావో తీవ్ర గాయమో ఉన్న ప్రమాదాలు 5, లేదా 10 చావులు. పోలీసు రికార్డు నుంచి తేదీ, వేళ, ఏ బండి ఏ బండిని గుద్దింది, ఇవన్నీ ప్లాను మీద చుక్కలుగా పెట్టండి. చుక్కలు ర్యాంపు మధ్యలో ఉంటే వరస సమస్య, ఎడమ మూలలో ఉంటే వ్యాసార్థం సమస్య, జీబ్రా దగ్గర రాత్రిపూటవి అయితే లైటు సమస్య. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 198ఏ సెక్షన్ వచ్చింది. డిజైన్, నిర్మాణ, నిర్వహణ ప్రమాణాలు పాటించక ప్రాణమో అంగమో పోతే బాధ్యులకి లక్ష రూపాయల దాకా జరిమానా. ఒక్క వాక్యంలో గుర్తు చేస్తే చాలు.

సిగ్నల్_టైమింగ్ · బుధవారం, ఉదయం 8:20

కాంక్రీటు పొయ్యకముందు రెండు వారాలు తాత్కాలికంగా పెట్టి చూడాలని రాయండి. బజారు వీధి నుంచి నేరుగా పోయే దారి మూయడానికి నీళ్ళు నింపే ప్లాస్టిక్ బారికేడ్లు, మూలలకి ఇసక నింపిన డ్రమ్ములు. ఖాళీ డ్రమ్ములు పెడితే గాలికి రోడ్డు మీదికి దొర్లుతాయి. ప్రతి డ్రమ్ముకీ మెరిసే పట్టీలు రెండు. జల్లెడ, మూత, రాయి ఏవీ ముట్టుకోవద్దు. గీతలు మొదటి మూడు రోజులు సున్నంతో వేసి చూసి, జరపాల్సినవి జరిపి తరవాత పెయింటు వెయ్యండి, సున్నం వానకి పోతుంది.

లెక్కింపు ఉదయం 7 నుంచి 10, సాయంత్రం 5 నుంచి 8, పావుగంట చొప్పున. సంత రోజు ఒకటి తప్పకుండా ఉండాలి. బండ్లతో పాటు మూడు విషయాలు రాసుకోండి: ర్యాంపు వరస చివరి బండి ఎక్కడుంది, రాంగు సైడులో వచ్చినవాళ్ళెంతమంది, దాటడానికి మనిషి ఎన్ని సెకన్లు ఆగాడు. వరస దూరం తెలియడానికి ర్యాంపు గోడ మీద 10 మీటర్లకో అంకె పెయింటుతో రాయించండి. వీడియోలో ఆ అంకె కనబడితే చాలు.

నడక_మనిషి · బుధవారం, ఉదయం 9:05

ఆ రెండు వారాలూ సిగ్నల్ మనుషుల సమయం 17 సెకన్లకి తగ్గకుండా పెట్టించండి. బారికేడ్ల మధ్య కూడా కుర్చీ పోయేలా 1.2 మీటర్ల ఖాళీ వదలమని పని ఆర్డరులోనే రాయాలి. నోటిమాటగా చెబితే మొదటి రోజే మూసేస్తారు.